నడుం దగ్గర విప్పిన కుట్టు

“ఇది ఎన్నిసార్లు విప్పారు?”

టైలరు భార్య స్కర్టును తిరగేసి కత్తిరింపు బల్ల మీద పరిచింది. ముదురు నీలం రంగు స్కూలు స్కర్టు. పక్క కుట్టు వెంబడి సూది దిగిన పాత చిల్లులు ఒక వరస, దాని పక్కన ఇంకో వరస, ఆ తర్వాత ఇప్పటి కుట్టు. లోపల వేలెడు వెడల్పున ఉండాల్సిన గుడ్డ దారప్పోగంత మిగిలింది.

టైలరు తల ఎత్తలేదు. మిషను తొక్కుతూనే ఉన్నాడు. సూదిలో దారం లేదు. దాని కింద గుడ్డ కూడా లేదు.

“మిమ్మల్నే అడుగుతున్నాను.”

“వినపడింది.”

“ఇది మీ చేతి కుట్టా, కాదా?”

“ఈ వీధిలో అంత సన్నకుట్టు ఇంకెవడు వేస్తాడు?”

ఆ మాటలో కాస్త గర్వం దొర్లింది. దొర్లాక అతనికే సిగ్గేసింది. మిషను ఆపేశాడు.

మధ్యాహ్నం. ముందుగది షాపు తలుపు ఓరగా వేసి ఉంది. కుట్టాల్సిన బట్టలు మూటల్లోనే ఉన్నాయి. పొద్దుటి నుంచి ఒక్కటీ కదల్లేదు.

“పోయిన వారం ఫోనులో డాక్టరమ్మ నన్నేం అడిగిందో మీరు విన్నారు. ఇక్కడే కూర్చుని కాజాలు కుడుతున్నారు.”

విన్నాడు. పాప బట్టలు నడుం దగ్గర బిగుతవుతున్నాయా అని డాక్టరమ్మ అడిగింది. ఈమె క్షణం కూడా ఆలోచించలేదు. ‘లేదండీ, అదే స్కర్టు, అదే హుక్కు, చక్కగా పడుతోంది’ అంది. ఆసుపత్రి ఉన్న ఊరు సగం రోజు ప్రయాణం. మనిషిని చూడకుండా, రక్తపరీక్షనూ తల్లి మాటనూ నమ్మి డాక్టరమ్మ లివరు జబ్బు మాత్ర తగ్గించింది. రేపటికి పిల్లను తీసుకురమ్మని, చూసి ఇంకా తగ్గిద్దామంది. ఆ సంతోషంలో తల్లి ఇల్లంతా తుడిచింది.

“అప్పుడు నోరు విప్పొచ్చుగా! కుట్లు విప్పడానికి చెయ్యి వచ్చింది గానీ, నోరు విప్పడం బరువైందా?”

“ఆ మాత్రలకి మొహం ఉబ్బుతుంది, ఒళ్ళొస్తుంది అని ఆవిడే చెప్పింది కదా. ఒళ్ళే అనుకున్నాను.”

“ఒళ్ళైతే దాచడం దేనికి?”

అతను సుద్దబిళ్ళ తీసుకుని బల్ల అంచున ఊరికే గీత గీశాడు. బొటనవేలితో చెరిపేశాడు.

“ఆ రోజు నువ్వు పెరట్లో ఉన్నావు. అది ఇక్కడే నిలబడి హుక్కు పెట్టుకోబోయింది. పట్టలేదు. మాత్రల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. ‘ఇవి మింగితే బంతినైపోతున్నా నాన్నా, ఇక మింగను’ అంది. నీకు స్కర్టు కావాలా లివరు కావాలా అని దాన్ని అడగమంటావా? అది అంత పెద్దదా?”

“నాకు చెప్పొచ్చుగా.”

“నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే అది భయపడుతుంది.” గొంతు తగ్గించాడు. “ఆ సాయంత్రమే విప్పి సరిచేశాను. మర్నాడు పట్టింది. ‘చూశావా, నిన్న కడుపు నిండా తిన్నావు, అంతే’ అన్నాను. నవ్వి మాత్ర మింగింది.”

పొద్దున ఆ కుట్లు కంటపడినప్పటి నుంచి ఆమె కోపాన్ని మంట మీద గిన్నెలా కాస్తూ వచ్చింది. ఇప్పుడు దాన్ని ఎక్కడ దింపాలో తెలియలేదు.

“మళ్ళీ బిగుతైందా?”

“అయింది.”

“మళ్ళీ విప్పారు.”

“ఊఁ.”

అతను ఎవరితోనో అన్నట్టు అన్నాడు: “చొక్కా మాత్రం లోపలికి తీసుకున్నాను.”

“ఏమిటి?”

“చొక్కా. భుజాల దగ్గర, చేతుల దగ్గర. వదులైంది. నడుం ఒక్కటే పెరిగింది. మిగతా పిల్లంతా తగ్గింది.”

ఆమె స్టూలు మీద కూర్చుంది.

“ఒళ్ళొస్తే ఒళ్ళంతా వస్తుంది కదండీ.”

“తెలుసు.”

“ఎప్పటి నుంచి తెలుసు మీకు?”

అతను మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

*

వెనకగదిలోంచి టైలరు అక్క వచ్చింది. హుక్కుల పని, గుండీల పని ఆమెది. నోట్లో దారం కొస, చేతిలో ఎవరిదో చొక్కా. ఎండ మండిపోతున్నా ఆమెది మణికట్టు దాటి వచ్చే నిండు చేతుల జాకెట్టు. ఆ చేతులు తమ్ముడే కుడతాడు. ఆమె బట్టలు ఇంకెవరినీ ముట్టనివ్వడు.

“తినడానికి పిలుస్తారని చూశాను. మీరిద్దరూ ఒకరినొకరు తినేస్తున్నారు. నాకేమైనా మిగిల్చారా?”

ఎవరూ నవ్వలేదు. ఆమె దారం నోట్లోంచి తీసి, స్కర్టు వైపు చూసింది. అడగాల్సిన పని పడలేదు. కుట్టు చదవడం ఆ ఇంట్లో అందరికీ వచ్చు.

“అయ్యో నాయనా,” అంది మెల్లగా.

“ఆయనకిది కొత్తా వదినా?” మరదలు ఆమె వైపు తిరిగింది. “ఏది కనబడకూడదో దానికో గుడ్డ తొడిగేయడమే ఆయనకు తెలిసింది. అక్క చెయ్యి దాచారు, ఇప్పుడు కూతురి పొట్ట దాచారు.”

అన్నాక నాలుక కరుచుకుంది. మిషను చప్పుడు ఆగింది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు.

మొదటిసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ ఇంట్లో ఇంకెవరికైనా ఏమైనా ఉన్నాయా అని అడిగింది. బొల్లి మచ్చలు, థైరాయిడ్, చిన్నప్పుడే వచ్చిన షుగరు, ఇలాంటివి. ‘మా వాళ్ళలో ఎవరికీ లేవండీ’ అన్నాడు టైలరు. అతను అబద్ధం ఆడుతున్నానని కూడా అనుకోలేదు. ఇంట్లో ఎప్పుడూ అనని మాట, ఆసుపత్రిలో అతని నోటికి రాలేదు.

“అక్కా, అది కాదు...” అన్నాడు ఇప్పుడు.

“ఉండరా. నేనేమైనా చెప్పొద్దన్నానా? నన్నెవరూ అడగలేదే! నా చెయ్యి నాది. దానికి తొడుగు కుట్టింది నువ్వు.”

“నీ కోసమే కదా...”

“నా కోసమే. కాదని ఎవరన్నారు?” ఆమె చొక్కా పక్కన పెట్టి కూర్చుంది. “మణికట్టు మీద మొదటి మచ్చ వచ్చినప్పుడు నీకు మీసాలు కూడా రాలేదు. నాన్న దగ్గర పని నేర్చుకుంటూ నేర్చుకుంటూ, నువ్వు సొంతంగా కుట్టిన మొదటి జాకెట్టు అది. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. తెచ్చి నా ఒళ్ళో పెట్టి నా మొహంలోకి చూశావు. ఎలా తీసెయ్యను? అప్పటి నుంచి ఎండలో ఉడికిపోతున్నాను గానీ, ఒక్కరోజు తీయలేదు.”

టైలరు అక్క మొహంలోకి చూడలేకపోయాడు.

“కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మన పెద్దవాళ్ళు అన్నీ కప్పెట్టారు,” అంది అక్క. “పడితే పడనీ. రేపు నేనూ వస్తాను ఆసుపత్రికి. ఆ డాక్టరమ్మకి నా చెయ్యి చూపిస్తాను.”

“అంత దూరం ఎందుకక్కా.”

“పిల్ల కోసం. బస్సులో కిటికీ పక్క సీటు నాది, ఇప్పుడే చెప్తున్నా.”

మరదలు లేచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. క్షమించమని అడగలేదు. చొక్కా తీసుకుని, కుట్టాల్సిన గుండీ ఒకటి తనూ కుట్టడం మొదలుపెట్టింది. వంకరగా కుట్టింది. వదిన చూసింది గానీ ఏమీ అనలేదు. తర్వాత విప్పి కుట్టుకోవచ్చు.

*

సాయంత్రం కూతురు వచ్చింది. వీధంతా ఆమెను గుండీ అంటారు. పాకే వయసులో నేల మీద పడ్డ గుండీలన్నీ ఏరి బుగ్గన దాచుకునేది, ఆ పేరే నిలిచిపోయింది. ఇప్పుడు బుగ్గలు నిజంగానే ఏవో దాచుకున్నట్టు ఉబ్బి ఉన్నాయి.

వచ్చీ రాగానే ముగ్గురినీ చూసి గుమ్మంలోనే ఆగింది.

“ఏంటి, అందరూ ఒకే గదిలో! నేను ఫెయిలయ్యానా?”

“ఇంకా పరీక్షలే కాలేదు కదే,” అంది అత్త.

“అందుకే అడిగాను. అవ్వకుండానే ఫెయిలైతే రికార్డు.”

తల్లి నవ్వబోయి, నవ్వు మధ్యలో కూతురి చేతులు చూసింది. సన్నగా, చొక్కా చేతుల్లో సరిగ్గా అమిరినట్టు ఉన్నాయి. అమిరినట్టు కుట్టారు మరి. ఇన్నాళ్ళూ తను పిల్లను చూస్తున్నానని అనుకుంది. తను చూస్తున్నది భర్త పనితనాన్ని.

టైలరు మెడలో టేపు తీశాడు. ఊళ్ళో అందరినీ కొలిచే మనిషి, జబ్బు చేసినప్పటి నుంచి కూతుర్ని మాత్రం కొలవలేదు. కంటితో అంచనా వేసి కుట్టేవాడు.

“ఇలా రామ్మా. ఒకసారి కొలుస్తాను.”

గుండీ బ్యాగు దించలేదు. తండ్రి చేతిలో టేపునూ, బల్ల మీద తిరగేసి ఉన్న తన రెండో స్కర్టునూ చూసింది.

“ఓహో. దొరికిపోయావా?”

టైలరు చేతిలో టేపు జారింది.

“నీకు తెలుసా?” అంది తల్లి.

“తెలీకపోవడమేంటమ్మా? పక్కన చూడు.” గుండీ ఒంటి మీదున్న స్కర్టును చేత్తో చూపించింది. “బయట గుడ్డ ఎండకి వెలిసింది. లోపలి గుడ్డకి ఎండ తగల్లేదు కదా. విప్పినచోట గీతలా ముదురుగా ఉంటుంది. స్కూల్లో చెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తాను. టీచర్‌కి నేను చాలా క్రమశిక్షణగా కనబడుతున్నాను.”

“మరి చెప్పలేదేం తల్లీ?” టైలరు వంగి టేపు తీసుకున్నాడు.

“నువ్వు అంత బాగా కుట్టావు. పట్టింది చూశావా అని నువ్వే ఎక్కువ సంతోషపడ్డావు. నేనేం చెప్తాను?”

అత్త కొంగుతో కాదు, చేతిలో ఉన్న ఖాతాదారు చొక్కాతోనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత చూసుకుని, నాలుక కొరుక్కుని, దాన్ని దులిపి మడిచింది.

టైలరు కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని టేపు నడుం చుట్టూ తిప్పాడు. చదివాడు. ఇంకోసారి చదివాడు. పైకి చెప్పలేదు.

“పైకి చెప్పు నాన్నా. వేరేవాళ్ళకైతే అరిచి చెప్తావుగా, అత్త రాసుకునేలా.”

చెప్పాడు. అత్త రాసుకోలేదు.

“నొప్పిగా ఉంటుందా?” అడిగింది తల్లి.

“నొప్పి లేదు. బరువుగా ఉంటుంది. పడుకుంటే ఊపిరి చాలదు కొంచెం. సాక్సు తీస్తే గుర్తు పోదు.” తర్వాత, తండ్రి మొహం చూసి, త్వరత్వరగా అంది, “మాత్రలు మాత్రం మానలేదు. ఒట్టు. ఒక్కటి కూడా.”

“తెలుసే,” అన్నాడు టైలరు. “తెలుసు.”

*

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరమ్మ గుండీ పొట్ట మీద చెయ్యి ఆనించి, రెండో చేతి వేలితో తట్టి చూసింది. పిల్లను పక్కకి తిప్పి మళ్ళీ తట్టింది. కాలి మీద బొటనవేలితో నొక్కితే అక్కడ చిన్న గుంట పడి అలాగే ఉండిపోయింది.

“నీరు చేరింది,” అంది. “ఎప్పటి నుంచి?”

తల్లి భర్త వైపు చూడలేదు. అతనే ముందుకొచ్చి చెప్పాడు, అంతా. ఎప్పుడు విప్పిందీ, చొక్కా ఎప్పుడు లోపలికి తీసుకుందీ, ఫోను మాట్లాడుతున్నప్పుడు పక్కనే ఉండి మాట్లాడనిదీ. చెప్పేటప్పుడు ఉట్టి చేతులకి ఏం చెయ్యాలో తోచక టేపును వేళ్ళకు చుట్టాడు, విప్పాడు.

డాక్టరమ్మ కోప్పడుతుందని అందరూ ఎదురుచూశారు. ఆమె కాసేపు పెన్ను మూత పెట్టి తీసింది.

“నాకు అప్పుడే తెలిసుంటే మాత్ర తగ్గించేదాన్ని కాదు. ఆ రోజే రమ్మనేదాన్ని,” అంది. అంతే అంది. తిట్టినా టైలరుకి అంత తగిలేది కాదు.

అప్పుడు అత్త కుర్చీ ముందుకి జరుపుకుంది. నిండు చెయ్యిని మోచేతి పైకి మడిచింది. మణికట్టు నుంచి మోచేతి దాకా పాల మరకల్లా తెల్లటి మచ్చలు.

“ఇదీ చూడండమ్మా. మావాడు లేవన్నాడట. ఉన్నాయి.”

గుండీ మంచం మీంచి లేచి కూర్చుంది. ఒకే ఇంట్లో ఉంటూ ఆ చెయ్యిని అంత వెలుతురులో ఎప్పుడూ చూడలేదు.

“అత్తా, నీక్కూడా కుక్కుందా?”

“కుక్కేమిటి?” అంది డాక్టరమ్మ.

“మీరే చెప్పారుగా, ఒంటికి కాపలా కాసేదే పొరబడి మనల్నే కరుస్తుందని. నాది లివర్ని కరిచింది. మాత్రలు దానికి బిస్కెట్లు. అత్తది చర్మాన్ని కరిచింది.”

“చర్మాన్ని నాకి వదిలేసిందిలే,” అంది అత్త. “నాది మంచి కుక్క.”

డాక్టరమ్మ నవ్వింది. చాలాసార్లు ఈ జబ్బులు ఒక ఇంట్లో ఒంటరిగా రావని, ఒక పిల్లలోనే రెండు మూడు కలిసి రావచ్చని చెప్పింది. గుండీకి కూడా థైరాయిడ్, షుగరు, పేగు పరీక్షలు చేయిస్తానంది. గోధుమ పడకపోవడం లాంటిది ఉందేమో చూడాలంది. “తల్లి వైపు ఎవరికైనా?”

“మా వైపు ఏమీ లేవండీ,” అంది తల్లి వెంటనే. నిన్నటి కోపంలో చివరి ముక్క ఇంకా ఆ గొంతులో ఉంది.

“రోజూ పరగడుపున నువ్వు వేసుకునేదేంటమ్మా మరి?” అంది గుండీ.

“అది... అది మామూలు థైరాయిడ్ మాత్రే. ఎప్పటి నుంచో ఉంది. పళ్ళు తోముకున్నట్టు...” తల్లి మధ్యలో ఆగిపోయింది. మొహం ఎర్రబడింది. “నేనూ చెప్పలేదు,” అంది, భర్తతో.

టైలరు ఆమె చెయ్యి పట్టుకోలేదు, అందరూ ఉన్నారు. తన కుర్చీని మాత్రం ఆమె కుర్చీకి తగిలేదాకా జరిపాడు.

“ఎవరి వైపు నుంచి వచ్చిందో పంచాయితీ తర్వాత పెట్టుకోండి,” అంది డాక్టరమ్మ. “ముందు స్కాను. తర్వాత ఈ రోజే వార్డులో చేర్చుకుంటాను.”

*

స్కాను గది ముందు నర్సు అడ్డుపడింది. “పాపతో ఒక్కరే రావాలి.”

తల్లి అప్పటికే లేచింది. గుండీ తల అడ్డంగా ఊపింది.

“నాన్న.”

“నేనా?” టైలరు తడబడ్డాడు. “అమ్మని తీసుకెళ్ళు తల్లీ. నాకు లోపల ఏం అర్థమవుతుంది?”

“నువ్వే రా. కానీ ఒక షరతు. వాళ్ళేం చెప్పినా నాకు అలాగే చెప్పాలి. సరిచేసి చెప్పకూడదు.”

అతను భార్య వైపు చూశాడు. ఆమె తల ఊపింది. కొంగు సర్దుకుంటున్నట్టు మొహం తిప్పుకుని, “వెళ్ళండి,” అంది.

లోపల చల్లగా, చీకటిగా ఉంది. స్కాను చేసే ఆవిడ పొట్ట మీద జిగురు పూసింది. “నాన్నా, నా మీద పోస్టరు అంటిస్తారేమో,” అంది గుండీ. టైలరు నవ్వాడు. తెర మీద బూడిద రంగు మేఘాలు కదులుతున్నాయి. వాటిలో ఏది కూతురో అతనికి తెలియలేదు.

కానీ చేతులు చూడటం తెలుసు. ఆవిడ చెయ్యి పక్కటెముకల కింద జారుతూ జారుతూ ఒకచోట ఆగింది. ముందుకి వెళ్ళింది. మళ్ళీ వెనక్కి, అదే చోటికి వచ్చింది. నొక్కి పట్టింది. పనిచేసే చెయ్యి అలా వెనక్కి వచ్చిందంటే, అక్కడ ఏదో సరిపోలేదన్నమాట.

ఆవిడ ఫోను ఎత్తి, “మేడమ్, ఒకసారి రాగలరా?” అంది నెమ్మదిగా.

“నాన్నా, ఏమైంది?”

‘ఏం లేదమ్మా’ అన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. ఎప్పుడూ ముందు అదే వస్తుంది. టైలరు దాన్ని మింగాడు.

“తెలియదే గుండీ. ఒకచోట ఆగి చూస్తున్నారు. ఏదో కనబడినట్టుంది. అడుగుతాను.”

“నీకు భయంగా ఉందా?”

“ఉంది.”

“నాకూ,” అంది గుండీ. జిగురు అంటిన చెయ్యితోనే తండ్రి వేలు పట్టుకుంది.

తలుపు తీసుకుని డాక్టరమ్మ వచ్చింది. వంగి తెర చూసింది. ఆవిడతో ఏదో మెల్లగా అంది. ఆవిడ మెల్లగానే జవాబు చెప్పింది. టైలరు గొంతు సవరించుకున్నాడు.

“అమ్మా, అక్కడేం ఉంది? ఇద్దరం వింటున్నాం. ఇద్దరికీ చెప్పండి.”

డాక్టరమ్మ వెనక్కి తిరిగింది. ముందు తండ్రిని, తర్వాత చాలాసేపు పిల్లను చూసింది. గోడ పక్క ఉన్న స్టూలును కాలితో అతని వైపు జరిపింది.

“కూర్చోండి,” అంది.

టైలరు కదల్లేదు. అతని వేలు కూతురి గుప్పిట్లో ఉంది.

“మా నాన్న నిలబడే వింటాడు డాక్టర్ గారూ,” అంది గుండీ. “మీరు చెప్పండి.”